వైరస్ దాక్కుంటే మనమెందుకు దాక్కోవాలె?

"పద్దెనిమిదేండ్ల కింద రక్తం జూసి హెచ్.ఐ.వి. ఉన్నదని జెప్పిండ్రు. మనిషి ఇయ్యాల్టికీ గట్టిగనే ఉన్నడు. మిర్చి బస్తాలు మోస్తున్నడు. మరి గా పరీక్ష అబద్ధమే గదా?" వరంగల్ చుట్టుపక్కల ఊళ్లల్ల మీటింగులు పెట్టినప్పుడు మా కార్యకర్తలకు ఎదురయ్యే ప్రశ్న ఇది. దాని ఎనక ఇంకోటి వస్తది. "గోలీలు మింగితే వైరస్ కనబడ్తలేదని రిపోర్టు వచ్చింది. కనబడనిదానికి ఇంక గోలీలెందుకు?"

ఈ ప్రశ్నలు అడిగినవాళ్లను చదువు రానోళ్లని కసురుకునే డాక్టర్లు ఉన్నరు. మా లెక్కన ఇవి తెలివైన ప్రశ్నలు. కండ్ల ముందర కనబడేదాన్ని బట్టి అడుగుతున్న ప్రశ్నలు. జరమొస్తే పూటల తెలుస్తది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే తెల్లారేసరికి తెలుస్తది. ఏండ్లకేండ్లు చప్పుడు చేయకుండ ఒంట్ల ఉండే బీమారిని జనం ఎట్ల నమ్మాలె? కుష్టు ఒక్కటి అట్లాంటిది మన తాతలకు ఎరుక. ఆ పేరు చెప్పి, ఊరి బయట ఉన్నోళ్లను ఇంకా బయటికి తరిమిన చరిత్ర కూడా ఎరుకే. హెచ్.ఐ.వి. విషయంల జనం అడిగినదానికి ఓపికగ జవాబు చెప్పినోళ్లు తక్కువ. ఆ ఖాళీలకు పొట్లాలమ్మేటోడు దూరిండు. అందుకే ఈసారి సంపాదకీయం ఈ ఒక్క విషయం మీదనే రాస్తున్నం.

ముందు ఒక మాట తేటగ చెప్పుకోవాలె. ఈ రోగంల నిమ్మళం రెండు రకాలు. మందులు వాడకముందు కనబడే నిమ్మళం ఒకటి, మందులు వాడినంక వచ్చే నిమ్మళం ఇంకొకటి. రెండింటినీ కలగలిపి చూస్తే ప్రాణం మీదికి వస్తది.

మొదటిది చూద్దాం. వైరస్ ఒంట్లకు వచ్చిన కొద్ది వారాలకు కొందరికి జరం, ఒంటి మీద దద్దు, గొంతునొప్పి వస్తయి. మామూలు జరమనుకుంటరు, తగ్గిపోతది. ఆ తర్వాత ఏ మందూ వాడకున్నా సగటున ఎనిమిది, పదేండ్ల దాకా మనిషి మామూలుగనే ఉంటడు. నాట్లేస్తడు, పెండ్లి చేసుకుంటడు, పిల్లల్ని కంటడు. ఈ కాలంల వైరస్ నిద్రపోతున్నదని చాలా ఏండ్లు డాక్టర్లు సైతం అనుకున్నరు. 1990లల్ల జరిగిన పరిశోధనలు ఆ మాట తప్పని తేల్చినయి. 1993ల లింఫు గ్రంథులల్ల చూస్తే అక్కడ వైరస్ జోరుగ పెరుగుతనే ఉన్నది. 1995, 96లల్ల లెక్క కట్టి చూస్తే రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్ కణాలు పుడుతున్నయని తేలింది. ఒళ్లు వాటిని చంపుతనే ఉంటది, అవి పుడుతనే ఉంటయి. ఈ కొట్లాటల రోజూ చచ్చేవి సి.డి.4 కణాలు. రోగాల మీద పోరాడే మిగతా కణాలకు ఆనతులిచ్చేవి అవే. ఒళ్లు కొత్తవి తయారు చేసుకుంటది గని చచ్చినన్ని పుట్టవు. ఏడాదికింత తరిగి తరిగి, 200 కిందికి పోయినంక టి.బి., నోట్లె తెల్లపూత, ఆగని విరేచనాలు ఒకదాని ఎనక ఒకటి పడ్తయి. అప్పుడు ఊరు "నిన్నమొన్నటిదాక బాగనే ఉండె గదా" అంటది. నిన్నమొన్న కూడా బాగ లేడు. లోపల జరిగేది పైకి కనబడలే, అంతే.

అందరికీ ఒకటే లెక్క ఉండదు. కొందరికి రెండు మూడేండ్లల్లనే ముదురుతది. కొందరు పదిహేనేండ్లు దాటినా మందుల్లేకుండ నిలబడ్తరు. నూటికి ఒక్కరికన్నా తక్కువమందిల ఒళ్లే వైరస్‌ను కనబడనంతగ తొక్కిపడ్తది. కారణాలు కొన్ని తెలిసినయి. కొందరి పుట్టుకల వచ్చిన జన్యువులు వైరస్ సోకిన కణాలను బాగ గుర్తుపడ్తయి. కొన్నిసార్లు వైరస్‌లనే లోపముంటది. ఆస్ట్రేలియాల సిడ్నీ దగ్గర ఒకే దాత రక్తం ఎక్కించుకున్న కొందరికి హెచ్.ఐ.వి. అంటింది. ఏండ్లు గడిచినా వాళ్లల్ల రోగం ముదరలే. వెతికి చూస్తే ఆ దాత నుంచి వచ్చిన వైరస్‌ల ఒక జన్యువు ముక్క ఊడిపోయి ఉన్నదని 1995ల బయటపడ్డది. ఆ కొద్దిమందిల సైతం కొందరికి చివరికి సి.డి.4 తగ్గుడు మొదలయింది.

మరి మిర్చి బస్తాలు మోసే అన్న సంగతి ఏంది? ఆయన నూటికి ఒక్కడు కావచ్చు. పదేండ్ల నిమ్మళంల తొమ్మిదో ఏట ఉన్న మనిషీ బయటికి అట్లనే కనబడ్తడు. లేదంటే ఎవ్వరికీ చెప్పకుండ నెలనెలా ఎం.జి.ఎం. దవాఖానకు పోయి గోలీలు తెచ్చుకొని, బియ్యం డబ్బాల దాచిపెట్టి మింగుతున్నడు కావచ్చు. వాడకు తెలిస్తే ఏమైతదో అన్న బుగులుతోటి నోరు మూసుకున్నోళ్లు మనకు తెలిసినదానికన్న ఎక్కువ. వాళ్ల ఆరోగ్యాన్ని చూపెట్టి "మందుల్లేకుండనే బతుకుతున్నరు" అని ఇంకొకరు మందులు మానేస్తే ఆ పాపం ఎవరిది? మనిషిని చూసి చెప్పలేం. రక్తం చూస్తేనే తెలుస్తది.

ఇప్పుడు రెండో నిమ్మళం. మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకు రక్తంల వైరస్ కనబడనంతగ తగ్గుతది. సి.డి.4 పెరుగుతది. ఆకలయితది, ఒళ్లు తేరుకుంటది. రోగం పోయినట్టేనా?

కలుపు తీసే అక్కలను అడగండి, వాళ్లు బాగ చెప్తరు. తుంగ గడ్డిని పైన పీకితే చేను శుభ్రంగ కనబడ్తది. భూమిల గడ్డ మాత్రం అట్లనే ఉంటది. ఒక్క వాన పడితె మళ్ల మొలుస్తది. హెచ్.ఐ.వి. కూడా అట్లనే గడ్డలు పెడ్తది. అది సోకిన సి.డి.4 కణాల్లో కొన్ని నిద్రకు పోతయి. ఒకప్పుడు చూసిన రోగాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఒళ్లు ఏండ్ల తరబడి దాచిపెట్టుకునే కణాలవి. వైరస్ తన రాతను ఆ కణం సొంత రాతల కలిపేస్తది. కణం నిద్రల ఉన్నంత కాలం వైరస్ కూడా నిద్రలనే ఉంటది. మన గోలీలు పెరుగుతున్న వైరస్‌ను ఆపుతయి, పడుకున్నదాని జోలికి పోలేవు. మన ఒంటి కావలికి సైతం అది కనబడదు. ఎంత తక్కువంటే, ఇట్ల పడుకున్న పది లక్షల కణాల్లో మళ్ల లేచి పెరిగే సత్తా ఉన్న వైరస్ దాదాపు ఒక్కదాంట్ల ఉంటది. ఆ ఒక్కటి చాలు. 1997ల దీన్ని మూడు పరిశోధనా బృందాలు విడివిడిగ పట్టుకున్నయి. ఈ నిల్వ సగానికి తగ్గడానికే మూడున్నరేండ్లకు పైగ పడ్తదని తర్వాత లెక్క తేలింది. ఆ లెక్కన మొత్తం తుడిచిపెట్టుకుపోవాలంటే డెబ్బయేండ్లు దాటుతది. అంటే గోలీ జీవితాంతం.

మానేస్తే ఏమయితది? ఎక్కువమందిల రెండు నుంచి నాలుగు వారాలల్ల వైరస్ మళ్ల రక్తంలకు వస్తది. అమెరికాల మిసిసిపీ రాష్ట్రంల 2010ల పుట్టిన ఒక బిడ్డకు పుట్టిన ముప్పై గంటలకే మందులు మొదలుపెట్టిండ్రు. ఏడాదిన్నర వయసుల మందులు ఆగినయి. అయినా వైరస్ కనబడలే. రోగం నయమయిందని 2013ల లోకమంతా చెప్పుకున్నది. మందులు ఆగిన 27 నెలలకు, 2014ల, వైరస్ మళ్ల లేచింది. అంత పెద్ద పెద్ద యంత్రాలు పెట్టి వెతికినోళ్ల కండ్లకే దొరకకుండ దాక్కున్నది. 33 దేశాలల్ల ఐదువేల నాలుగువందల మందికి పైగ రోగుల మీద జరిగిన పరిశోధన ఫలితం 2006ల వచ్చింది. నడుమ నడుమ మందులాపి మళ్ల మొదలుపెట్టినోళ్లల్ల జబ్బులు, చావులు రెండున్నర రెట్లు ఎక్కువయినయి. "ఒక నెల ఒంటికి రెస్టు ఇద్దాం" అనే మాటకు ఇదీ ధర.

ఇగ పొట్లాలమ్మేటోని సంగతికి వద్దాం. వాని తెలివంతా ఈ రెండు నిమ్మళాల మీద నడుస్తది. నిమ్మళంగ ఉన్న మనిషికి వాడు చూర్ణం ఇస్తడు. చూర్ణం లేకున్నా ఆ మనిషి ఇంకో ఐదేండ్లు బాగనే ఉంటుండె. పేరు మాత్రం చూర్ణానికి వస్తది. గోలీలు వాడుతున్న మనిషికి "ఇంగ్లీషు మందు ఆపు, నేను కడుగుత" అంటడు. ఆపిన కొత్తల తలతిరుగుడు, వికారం లాంటివి తగ్గి పానం ఇంకా తేలికైనట్టు అనిపిస్తది. వైద్యుడు గొప్పోడంటరు. ఏడాదికో రెండేండ్లకో టి.బి. పట్టుకునేసరికి వాడు దుకాణం ఎత్తేసి ఇంకో జిల్లాకు పోయి ఉంటడు. ఎకరం అమ్ముకొని పొట్లాలు కొన్న ఇండ్లు ఉన్నయి. 1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నియమాలల్ల జె షెడ్యూలు అని ఒకటుంది. నయం చేస్తమని ఏ మందు మీదా రాయకూడని రోగాల పట్టిక అది. ఎయిడ్స్ పేరు అందులో ఉన్నది. చట్టం ఉన్నది గని, వాని మీద కేసు పెట్టేటోడేడి?

మా జనంల ప్రార్థనకు పోయేటోళ్లున్నరు, దర్గాకు పోయేటోళ్లున్నరు, మేడారం మొక్కు చెల్లించేటోళ్లున్నరు. ఎవ్వరి నమ్మకం మీదికీ మేం పోతలేం. మొక్కుకోండి, ప్రార్థన చేయించుకోండి. గోలీ మాత్రం ఆ పూటది ఆ పూట మింగండి. మింగొద్దని చెప్పేటోడు పాస్టరయినా, బాబా అయినా, స్వామి అయినా మన జనానికి పగోడు.

పొట్లాలోన్ని తిట్టి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. జనం తలకాయల ఈ గందరగోళం పెట్టినదాంట్ల సర్కారు పాత్ర చిన్నది కాదు. పడమటి దేశాల కంపెనీలు ఏడాదికి పదివేల డాలర్లకు పైగ గుంజుతున్న మందులను 350 డాలర్లకే ఇస్తనని మన దేశపు సిప్లా కంపెనీ 2001 ఫిబ్రవరిల ప్రకటించింది. మన హైదరాబాదు చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు ఆఫ్రికా ఖండానికి ఈ మందులు పంపేటంత పెద్దవయినయి. వాటి మురికినీళ్లు మన చెరువులకు, వాటి గోలీలు పై దేశాలకు. మన సర్కారు ఉచితంగ మందులిచ్చుడు మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న, అదీ దేశమంతటికీ ఎనిమిది దవాఖానలల్ల. మందు తయారయ్యే దేశంల మందు లేక చచ్చిన ఆ మూడేండ్ల పీనుగులకు లెక్క చెప్పాల్సిన వాళ్లెవరు?

ఆ తర్వాత కూడా అందరికీ ఇయ్యలే. సి.డి.4 కణాలు 200 కిందికి పడితేనే గోలీలన్నరు. కొన్నేండ్లకు 350 అన్నరు. ఇంకొన్నేండ్లకు 500. అంటే మనిషి పోయి రక్తమిస్తే, "నీకింకా ముదరలే, ఆరు నెలలకు రా" అని ఇంటికి పంపినట్టు. కూలి పోగొట్టుకొని, బస్సు కిరాయి పెట్టుకొని వచ్చినోళ్లు ఆ మాట విని "నాకేం గాలే" అనుకొని మళ్ల రాలే. అడ్డం పడి వచ్చిండ్రు చివరికి. 35 దేశాలల్ల 4,685 మంది మీద జరిగిన పరిశోధన 2015ల తేల్చి చెప్పింది: సి.డి.4 బాగ ఉన్నప్పుడే మందులు మొదలుపెడితే పెద్ద జబ్బులు, చావులు సగానికన్నా ఎక్కువ తగ్గుతయి. 2017ల మన దేశం కూడా నియమం మార్చింది. పరీక్షల హెచ్.ఐ.వి. తేలిన ప్రతి మనిషికీ, సి.డి.4 ఎంతున్నా, వెంటనే మందులు. ఈ ముచ్చట ఊళ్లకు సరిగ్గ చేరలే. "డాక్టరే నాకు గోలీలు వద్దన్నడు" అని ఇయ్యాల్టికీ పాత మాట పట్టుకొని ఉన్నోళ్లున్నరు. డాక్టరు అన్నది నిజమే. ఆ నియమం చచ్చిపోయి ఏండ్లయింది. అట్లాంటి వాళ్లను వెతికి మళ్ల దవాఖానకు తోలుకపోవుడు ఇప్పుడు అన్నిటికన్న ముందు చేయాల్సిన పని.

మందుల సరఫరా సంగతి కూడా ఇక్కడనే చెప్పుకోవాలె. రేషన్ బియ్యం పది రోజులు లేటయితే అప్పు తెచ్చుకొని తింటం. ఈ గోలీ లేటయితే ఒంట్ల గడ్డ మొలుస్తది. మళ్ల మళ్ల ఆగి నడిస్తే వైరస్ ఆ మందుకు లొంగకుండ తయారయితది. 2022 జూలైల ఢిల్లీల నాకో కార్యాలయం ముందర హెచ్.ఐ.వి. ఉన్నోళ్లే కూసొని వారాల తరబడి ధర్నా చేసిండ్రు. మందులు కొరత పడ్డయి, నెలకు ఇచ్చే కాడ నాలుగు రోజులకు ఇచ్చి పంపుతున్నరని వాళ్ల గోస. రోగి గోలీ తప్పితే "నిర్లక్ష్యం" అని కార్డు మీద రాస్తరు. సర్కారు గోలీ తప్పితే ఎవరి కార్డు మీద రాయాలె?

ఇగ మన ఇంటి ముచ్చట. 2021 అంచనాల ప్రకారం దేశంల 24 లక్షల మందికి హెచ్.ఐ.వి. ఉన్నది. ఒక్క తెలంగాణలనే దాదాపు లక్షన్నర. ఈ మనుషులెవరు? అప్పటి అనంతపురం జిల్లాల బత్తలపల్లి దవాఖానల చూపించుకున్న 11 వేల మందికి పైగ రోగుల వివరాలు 2012ల అచ్చయినయి. పెద్దవాళ్లల్ల నూటికి 56 మంది చదువు రానోళ్లు. పర్మినెంటు నౌకరి ఉన్నోళ్లు నూటికి నలుగురు కూడా లేరు. ఆడోళ్లల్ల మూడోవంతు ముండమోసినోళ్లు. కొంతమందిని అడిగితే, ఆడోళ్లల్ల నూటికి 81 మంది మొగని నుంచే అంటిందని చెప్పిండ్రు. "తిరుగుబోతు రోగం" అనేటోళ్లు ఈ లెక్క ముందర పెట్టుకొని మాట్లాడాలె. సూరత్‌కు, భీవండికి, దుబాయికి మొగోళ్లను తోలింది ఎండిన చెరువులు. జోగిని పేరుతోటి మన ఆడబిడ్డలను దొరల పాలు చేసింది ఊరి పెద్దలు. 1988ల చట్టం చేసినంక కూడా అది ఆగలే. రోగం మాత్రం మన వాడ పేరు మీద రాసిండ్రు.

పరాయోళ్ల సంగతి సరే. హోటళ్లల్ల రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడిన జాతి మనది. మన వాడలల్లనే కొన్ని ఇండ్లల్ల కోడలికి వేరే గ్లాసు, వేరే కంచం పెట్టిండ్రు. కొడుకు చచ్చిపోతే "నువ్వే మింగినవ్" అని పసిపిల్లతోటి బయటికి గెంటిండ్రు. కంచంతోటి, గ్లాసుతోటి, పక్కన కూసుంటే హెచ్.ఐ.వి. అంటదని బడిల పిల్లలకు పాఠం చెప్తున్నం, ఇంట్ల పెద్దలకు చెప్పలేకపోతున్నం. గెంటుడు ఇప్పుడు చట్టానికి విరుద్ధమే. 2017ల చేసి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలులకు వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం ఆడమనిషినీ, పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలనూ ఉమ్మడి ఇంట్ల నుంచి వెళ్లగొట్టరాదు. ఒప్పుకోకుండ పరీక్ష చేయరాదు, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పరాదు, నౌకరి నుంచి, బడి నుంచి తీసెయ్యరాదు. ఫిర్యాదు వినడానికి ప్రతి రాష్ట్రంల అంబుడ్స్‌మన్ ఉండాలె. ఎవరున్నరో, ఎక్కడున్నరో కలెక్టరాఫీసుల అడగండి.

ఇంకొక సంగతి చెప్తే ఆ వేరే గ్లాసు దానంతట అదే పోతదని మా ఆశ. గోలీలు తప్పకుండ వాడి, వైరస్ రక్తంల కనబడనంత తగ్గి, అట్లనే నిలబడితే సంసారం ద్వారా భార్యకో భర్తకో అంటదు. ఏండ్ల తరబడి వేల జంటలను చూసి తేల్చిన మాట ఇది. కడుపుతోటి ఉన్న తల్లి మందులు వాడితే బిడ్డకు అంటే అవకాశం నూటికి ఐదు కన్నా తక్కువకు పడిపోతది. మందుల్లేకుండ హెచ్.ఐ.వి.తోటి పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మంది రెండేండ్లు నిండకముందే పోతరు. పెద్దలకు పదేండ్ల నిమ్మళం ఇచ్చే రోగం పసిపిల్లలకు ఆ గడువు ఇయ్యదు.

కార్యకర్తలకు కొన్ని మాటలు. ఎవ్వరి పేరూ బయట చెప్పొద్దు, నోటుబుక్కుల రాయొద్దు. మన సంఘం కాయితాల మీద సైతం వద్దు. ఎం.జి.ఎం.కు ఒంటిగ పోవడానికి జంకేటోళ్లు అడిగితే తోడు పోండి. ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చేటోళ్లకు వంద కిలోమీటర్ల దారి, పోను రాను ఒక రోజు కూలి పోతది. రోగం అదుపుల ఉన్నోళ్లకు రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇయ్యొచ్చు, ఇంటికి దగ్గర లింకు కేంద్రం ఉంటే అక్కడికి మార్చొచ్చు. అడిగితేనే చేస్తరు. హెచ్.ఐ.వి. ఉన్నోళ్లకు దగ్గు ఎన్ని రోజులదైనా టి.బి. పరీక్ష చేయించాలె, దగ్గు లేకున్నా టి.బి. రాకుండ ఇచ్చే గోలీల గురించి అడగాలె. మన దేశంల హెచ్.ఐ.వి. ఉన్నోళ్లను ఎక్కువగ చంపేది టి.బి. ఒక్క అర్రల ఏడుగురు పండుకునే ఇండ్లల్ల అది ఎక్కడికీ పోదు. ఏ.ఆర్.టి. వాడేటోళ్లకు ఆసరా పింఛను 2014ల వెయ్యి రూపాయలతోటి మొదలయి, 2019ల 2,016కు పెరిగింది. అర్హత ఉండి రానోళ్లు చాలామంది, దరఖాస్తు పెడితే ఊరికి తెలుస్తదని పెట్టనోళ్లు ఇంకా ఎక్కువ. దవాఖాన నుంచే దరఖాస్తు పోయేటట్టు చూడమని అడగాలె. మాట్లాడడానికి మనిషి కావాలనుకునేటోళ్లకు 1097 నంబరు ఉన్నది, పైసలు పడవు, పేరు చెప్పే పని లేదు.

మందులు వాడే అన్నలు, అక్కలు, మీకు గోలీలు నెలకు ఇస్తున్నరా, మూడు నెలలకు ఇస్తున్నరా? ఈ ఏడాది ఎప్పుడన్న లేవని తిప్పి పంపిండ్రా, ఎన్ని రోజులు? వైరల్ లోడ్ పరీక్ష చివరిసారి ఏ నెలల తీసిండ్రు, రిపోర్టు మీ చేతికి ఇచ్చి చదివి చెప్పిండ్రా? ఒక కార్డు ముక్క మీద రాసి మా పత్రికకు పంపండి. పేరు వద్దు, ఊరు వద్దు, మండలం రాస్తే చాలు. అన్నీ కలిపి డి.ఎం.హెచ్.ఓ. టేబుల్ మీద పెడ్తం.